తాతల నాటి మామిడి చెట్టు పోకముందే దాని అంట్లు కట్టుకోవడం ఎలా

మామిడి కాలం వచ్చిందంటే చాలు, అదే ప్రశ్న. "మా జేజి కాలం నాటి చెట్టు, దాని కాయతో పెట్టిన ఊరగాయ రెండేళ్లయినా మెత్తబడదు, చెట్టు ఎండిపోతా ఉంది, టెంక వేసుకుంటే అదే కాయ వస్తుందా?" చిత్తూరు, పాకాల, పూతలపట్టు, చంద్రగిరి అన్ని వైపుల నుంచీ ఇదే అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి వివరంగా రాస్తున్నా.

ముందు జవాబు: రాదు. మన మామిడి రకాల్లో దాదాపు అన్నిటికీ టెంకలో ఒకే పిండం ఉంటుంది, అది పక్క చెట్టు పుప్పొడి కలిసి పుట్టింది. తల్లి పోలిక కొంచెం ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. కాయ చూడాలంటే ఆరేళ్లో పదేళ్లో ఆగాలి, ఆగాక పీచుకాయ పడితే చేసేదేమీ లేదు. పడమటి కోస్తాలోని కొన్ని రకాలకు టెంకలోంచి తల్లిలాంటి మొక్కలే వస్తాయి గానీ మీ గట్టు మీద చెట్టు అలాంటిదే అని నమ్ముకోవద్దు. కొమ్మ విరిచి నాటితే? మామిడి కొమ్మకు వేర్లు రావడం చాలా కష్టం. చెట్టు మీదే కొమ్మ బెరడు తీసి తడి మట్టి చుట్టి వేర్లు తెప్పించే గూటీ కట్టినా జామకు, దానిమ్మకు వచ్చినట్టు రాదు. మిగిలేది అంటు ఒక్కటే, అంటే పాత చెట్టు పుల్లను ఇంకో టెంక మొక్క మీద అతికించడం.

ఈ ఇబ్బంది మామిడికే కాదు, యాపిల్‌కూ ఇదే. ఇంగ్లండ్‌లోని సౌత్‌వెల్ అనే ఊళ్లో 1809లో ఒక అమ్మాయి యాపిల్ గింజలు వేస్తే మొలిచిన చెట్టే బ్రామ్లీ అనే పుల్లటి యాపిల్‌కు మూలం. ఈరోజు అక్కడి వంటిళ్లలో వాడే బ్రామ్లీ కాయలన్నీ ఆ ఒక్క చెట్టు పుల్లలతో, వాటి నుంచి మళ్లీ తీసిన పుల్లలతో కట్టిన అంట్ల మీద కాసినవే. తల్లిచెట్టు గాలివానకు పడిపోయి, మళ్లీ చిగిరించి, ఆ తర్వాత వేరు తెగులు పట్టినా రకానికి ఏమీ కాలేదు. మీ చెట్టుకూ చేయాల్సింది అదే, కాకపోతే చెట్టు బతికుండగా.

మన దగ్గర తొందర ఎందుకంటే తోపులన్నీ తోతాపురి అయిపోయాయి. గుజ్జు ఫ్యాక్టరీలు కొనేది ఎక్కువగా అదే కాబట్టి రైతును తప్పుపట్టలేం, అయితే 2025లో ఆ తోతాపురికే ధర లేక కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని లెక్క కట్టుకోవాల్సి వచ్చింది. నాటు చెట్లు మిగిలింది గట్ల మీద, బావుల దగ్గర, పాత ఇళ్ల వెనక. రోడ్డు వెడల్పు చేసినా, ఇల్లు కట్టుకున్నా, 2021 నవంబరులో పడినలాంటి వాన పడినా ముందు పోయేవి అవే.

ముందు చెట్టు దగ్గరికి వెళ్లి చూడండి

మొదలు దగ్గర కూర్చుని మాను చుట్టూ చూడండి. నేల నుంచి అడుగు, రెండడుగుల ఎత్తులో బెరడు రంగు మారిన గీత గానీ, ఉబ్బుగా కణుపులాంటిది గానీ ఉంటే అది ఒకప్పుడు అంటు కట్టిన చెట్టు. అలాంటి గుర్తేమీ లేకపోతే చాలావరకు టెంక చెట్టే. ఇది ఎందుకు ముఖ్యమంటే, టెంక చెట్టయితే రేపు మానును నరికేసినా మొద్దు నుంచి వచ్చే ప్రతి చిగురూ అదే రకం, దాని పుల్ల తీసుకుని అంటు కట్టుకోవచ్చు. అంటు చెట్టయితే ఆ గీత కింద నుంచి వచ్చే చిగురు వేరే ఏదో టెంకది. దాన్ని పట్టుకుని ఇదే మా పాత చెట్టని మురిసిపోతే నాలుగేళ్లు వృథా.

రెండోది ఆరోగ్యం. పూత గుత్తులు ముద్దకట్టి నల్లబడి కాయ నిలవని కొమ్మలు, చివర్లలో చిన్న చిన్న ఆకులు చీపురులా గుంపుగా వచ్చిన కొమ్మలు ఉంటే వాటి జోలికి పోవద్దు. ఆ జబ్బు పుల్లతో పాటే కొత్త మొక్కకు వస్తుంది. బాగా కాసే, ఎండ తగిలే వైపు కొమ్మల నుంచే పుల్ల తీయాలి.

చెట్టు మీది కాకపోతే అడిగి తీసుకోండి. రెండు అంట్లు వాళ్లకే ఇస్తామని చెప్తే ఎవరూ కాదనరు.

కావలసినవి

పదునైన గ్రాఫ్టింగ్ కత్తి. లేకపోతే మందుల షాపులో దొరికే సర్జికల్ బ్లేడు, పిడితో సహా. కూరగాయల కత్తి పనికిరాదు, అది కోయదు, నలుపుతుంది.

కొమ్మలు కత్తిరించే సికేచర్.

రెండు సెంటీమీటర్ల వెడల్పున కోసిన పలచటి పాలిథిన్ పట్టీలు, ఒక్కోటి అడుగు నుంచి అడుగున్నర పొడవు. గ్రాఫ్టింగ్ టేప్ కొన్నా సరే. కరెంటు పని చేసేవాళ్లు చుట్టే నల్ల టేపు, బ్యాండేజీ గుడ్డ వద్దు.

పిల్లలు తినే పుల్లటి ఐసు పోసే సన్న ప్లాస్టిక్ కవర్లు. కిరాణా హోల్‌సేల్ షాపుల్లో కట్టలుగా అమ్ముతారు. అంటుకు ఇంతకంటే మంచి టోపీ లేదు.

స్పిరిట్ గానీ శానిటైజర్ గానీ, శుభ్రమైన పాత నూలు గుడ్డ.

నర్సరీ కవర్లు, అడుగున బెజ్జాలున్నవి, కనీసం ఎనిమిది అంగుళాల ఎత్తు. అందులోకి ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో. పచ్చి పేడ వేస్తే టెంక కుళ్లుతుంది.

పేర్లు రాయడానికి ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా రేకు. కత్తిరించి మేకుతో గీకితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. మార్కర్‌తో రాసింది ఒక్క ఎండాకాలానికే వెలిసిపోతుంది.

ఎప్పుడు చేయాలి

గాలిలో తేమ ఉండే జూలై, ఆగస్టు అంటుకు మంచి కాలం. సెప్టెంబరులో కూడా కట్టొచ్చు. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి ఆలస్యమైనా తేమకు లోటుండదు, కానీ నవంబరు ముసుర్లో కవర్లలో నీళ్లు నిలిచి మొక్కలు పోతాయి. డిసెంబరు నుంచి పూత మొగ్గ కదులుతుంది, అప్పుడు పుల్ల తీస్తే అంటు మీద చిగురుకు బదులు పూత వచ్చి అలాగే ఎండిపోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో మొదటిసారి కట్టేవాళ్లు అసలు పెట్టుకోవద్దు.

ఇక పని

1. పుల్ల కోసం చెట్టును ముందే సిద్ధం చేయండి

అంటు కట్టే చేతివాటం గురించి అందరూ అడుగుతారు, పుల్ల గురించి ఎవరూ అడగరు. అసలు పని అక్కడే ఉంది. పుల్ల మంచిదైతే చేయి కొంచెం వంకర పోయినా అతుక్కుంటుంది, పుల్ల మంచిది కాకపోతే ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న నర్సరీ మనిషి కట్టినా ఎండిపోతుంది.

ముసలి చెట్టుతో ఇబ్బంది ఏంటంటే, దాని చివరి కొమ్మలు సన్నగా, పొట్టిగా, కణుపులు దగ్గర దగ్గరగా ఉండి జీవం లేకుండా ఉంటాయి. అందుకే ఫిబ్రవరి చివర్లో చేతికందే కొమ్మలు ఒకటి రెండు ఎంచుకుని, చివర్లను జానెడు, మూరెడు వెనక్కి కత్తిరించండి, చెట్టు మొదట్లో నీళ్లు పెట్టండి. ఆ కొమ్మల మీద ఆ ఏడాది కాయ ఉండదు, పోనివ్వండి. మార్చి, ఏప్రిల్లో వచ్చే కొత్త చిగురు జూలైకల్లా మూడు నాలుగు నెలల వయసుకు వచ్చి మనకు సరిగ్గా సరిపోతుంది.

పుల్ల ఎలా ఉండాలంటే: పెన్సిల్ లావు, అంతకంటే కొంచెం సన్నమైనా పర్లేదు, ఆకులు ముదురు ఆకుపచ్చకు తిరిగి ఉండాలి, వంచితే స్ప్రింగులా వంగి తిరిగి రావాలి, చివరి మొగ్గ ఉబ్బెత్తుగా ఉండాలి. లేత ఆకుపచ్చగా ఉండి మెత్తగా వంగిపోయేది వద్దు, బూడిద రంగు తిరిగి పుటుక్కున విరిగేది కూడా వద్దు. పోయిన సీజన్లో పూత వచ్చిన కొమ్మ చివర పూత కాడ ఎండిన మొండెం కనబడుతుంది, దాన్ని కూడా వదిలేయండి.

నచ్చిన పుల్లలకు రంగు దారం కట్టి, అంటు కట్టే రోజుకు ఏడు నుంచి పది రోజుల ముందు చెట్టు మీదే వాటి ఆకులు కత్తిరించండి. ఆకు మాత్రమే, తొడిమ ముక్క పుల్లకే ఉండాలి. ఆకులు పోయాక మొగ్గలు నిద్ర లేచి ఉబ్బుతాయి. చాలామంది బద్ధకించేది ఇక్కడే. ఈ ఒక్క పని చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ ఫలితంలో తేడా కళ్లకు కనబడుతుంది.

2. టెంకలు మొలిపించండి

జూన్ చివర, జూలైలో ఏ నాటుకాయ టెంక అయినా, తోతాపురి అయినా పర్లేదు, ఇది వేరు కోసమే. కాయ తిన్న వారంలోపు వేయాలి, మామిడి టెంకకు ఓపిక తక్కువ, నెల దాటితే మొలవదు. గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర ట్రాక్టర్లతో దొరుకుతాయి కదా అని తెచ్చుకునేవాళ్లు కుప్ప లోపల చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ఆ టెంకలు ఉడికిపోయినట్టే. అప్పుడే వచ్చిన లోడు నుంచి తీసుకోండి.

టెంకల్ని బాగా కడిగి నీళ్లలో వేయండి. తేలేవి పారేయండి. మునిగిన వాటి పెంకును అంచు దగ్గర సికేచర్‌తో జాగ్రత్తగా విప్పి లోపలి జీడి తీస్తే మొలక త్వరగా వస్తుంది, వంకర పోదు, పైగా లోపల టెంక పురుగు ఉంటే అప్పుడే తెలిసిపోతుంది. విప్పేటప్పుడు జీడికి గాటు పడితే కుళ్లుతుంది, భయమనిపిస్తే పెంకుతోనే వేయండి, ఇంకొన్ని రోజులు ఆగితే సరిపోతుంది. ఉబ్బుగా వంపు తిరిగిన అంచు పైకి ఉండేలా, పైన రెండు వేళ్ల మందం మట్టి ఉండేలా పెట్టండి. కావలసిన అంట్లకు మూడింతలు వేయండి. పది అంట్లు చాలనుకుంటే ముప్పై టెంకలు.

ఇదంతా ఎందుకు అనుకుంటే రైల్వే కోడూరు వైపు నర్సరీల్లో అంటు కట్టని టెంక మొక్కలు అడిగి తెచ్చుకోవచ్చు. వాటితో ఎలా చేయాలో కింద చెప్తా.

3. పుల్లలు తెంపడం

ఉదయం పూట, ఎండ ఎక్కకముందు. ఒక్కో పుల్ల జానెడు పొడవు చాలు. కోసిన చోట సొన కారుతుంది, గుడ్డతో తుడిచేయండి. కొందరికి ఆ సొన తగిలితే చర్మం కాలినట్టు పుండు పడుతుంది, ముఖానికి చెయ్యి పెట్టుకోకండి. పుల్లల్ని తడిపి బాగా పిండిన గుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు వేసి నీడలో ఉంచండి. బకెట్ నీళ్లలో ముంచి పెట్టకండి. ఆ రోజే కట్టేయడం మంచిది. వేరే ఊరి నుంచి తెస్తుంటే మూడు రోజుల వరకు పనికొస్తాయి, కారు డిక్కీలో, బండి సీటు కింద ఎండకు పెట్టకపోతే.

4. కోత

టెంక మొలిచి పది పదిహేను రోజులై, కాండం, ఆకులు ఇంకా రాగి రంగులో ఉన్నప్పుడు కట్టాలి. పచ్చబడిపోయిందంటే ఈ పద్ధతికి వయసు దాటినట్టే.

కత్తిని స్పిరిట్‌తో తుడవండి. మొలకను టెంక పైన మూడు అంగుళాల దగ్గర అడ్డంగా కోయండి. ఆ కోసిన కాండం మధ్యలోకి నిలువుగా అంగుళంన్నర లోతున చీల్చండి. పుల్ల కింది చివరను రెండు వైపులా ఏటవాలుగా, అంతే పొడవున, కొస పలచబడేలా ఆప్పులా చెక్కండి. ఒక్కో వైపు ఒక్కటే కోత, పెన్సిల్ చెక్కినట్టు పదిసార్లు గీకితే గరుకై అతుకు కుదరదు. ముందు ఏ పనికీ రాని పుల్లల మీద ఒక సాయంత్రమంతా సాధన చేసుకోండి. కోతను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చదునుగా ఉందో లేదో తెలుస్తుంది.

ఆప్పును చీలికలో దింపండి. రెండూ ఒకే లావు ఉంటే ఏ ఆలోచనా అక్కర్లేదు. తేడా ఉంటే మధ్యలో పెట్టకండి, ఒక పక్క బెరడుకు బెరడు సరిగ్గా కలిసేలా జరపండి. అతుక్కునేది బెరడు కిందున్న ఆకుపచ్చ పొరే, మధ్యలోని కర్ర కాదు. కోసిన చోట వేలు తగలకూడదు, ఊదకూడదు, కోతకూ కట్టుకూ మధ్య ఫోను ఎత్తకూడదు. సొన ఆరిపోయి పొరకట్టిందంటే మళ్లీ కోయాల్సిందే.

5. కట్టు, టోపీ

పట్టీని అతుకు కింద నుంచి మొదలుపెట్టి, కొంచెం సాగదీస్తూ, ఒకదాని మీద ఒకటి సగం పడేలా పైకి చుట్టి ముడి వేయండి. నీళ్లు లోపలికి పోకూడదు, పుల్ల కదలకూడదు. రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి, కదిలితే విప్పి మళ్లీ కట్టండి. తర్వాత ఐసు కవరును పుల్ల మీద నుంచి అతుకు కిందిదాకా తొడిగి, కింద దారంతో ముడి వేయండి. లోపల ఆవిరి పట్టి తేమగా ఉంటుంది. అదే దానికి ప్రాణం. కవరు చివరి మొగ్గకు తగలకుండా పైన రెండంగుళాలు ఖాళీ వదలండి.

రేకు ముక్క మీద పేరు, తేదీ గీకి అప్పుడే కట్టేయండి. తర్వాత కడదామంటే కలిసిపోతాయి.

6. నీడ, నీళ్లు

షేడ్‌నెట్ ఉంటే సరే, లేకపోతే కానుగ చెట్టు కిందో, చింతచెట్టు కిందో పెట్టండి. నేరుగా ఎండ తగిలితే కవరు లోపల పుల్ల ఆవిరికి ఉడుకుతుంది. నీళ్లు మట్టికే పోయండి, పైనుంచి చల్లకండి. రోజూ పోయాలని లేదు, మట్టిలో వేలు పెట్టి చూసి పొడిగా తగిలితేనే. ఎక్కువ నీళ్లతో టెంక కుళ్లి చచ్చిన అంట్లే, నీళ్లు లేక చచ్చిన వాటికంటే ఎక్కువ. మొదలు దగ్గర నల్లబడి మెత్తబడుతుంటే లీటరు నీళ్లకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మట్టి తడిసేలా పోయండి. అప్పటికే వాలిపోయిన వాటిని తీసి పారేయండి, పక్క వాటికి అంటకుండా.

7. టోపీ తీయడం

రెండు మూడు వారాల్లో కవరులోంచి రాగి రంగు మొగ్గ విచ్చుకోవడం కనిపిస్తుంది. చూడగానే కవరు లాగేయకండి. ముందు పై మూల చిన్నగా కత్తిరించండి, రెండు మూడు రోజులు గాలికి అలవాటు పడనిచ్చి, సాయంత్రం పూట తీయండి. పాలిథిన్ కట్టు మాత్రం మూడు నెలల దాకా ముట్టుకోవద్దు. ఆ తర్వాత అతుకు వెనక వైపు బ్లేడుతో నిలువుగా గీసి విప్పండి. విప్పకుండా మర్చిపోతే కాండం లావెక్కే కొద్దీ పట్టీ కోసుకుపోయి, మొక్క ఒకరోజు గాలికి అక్కడే విరుగుతుంది.

అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లను వారానికోసారి గిల్లేయండి. అవి టెంకవి. వదిలేస్తే బలమంతా అవే లాక్కుని మీ అంటును ఎండబెడతాయి.

బతికిందా లేదా ఎలా తెలుస్తుంది

మొదటి వారంలో కవరు బయట నుంచే తొడిమ ముక్కలు చూడండి. పసుపు రంగుకు తిరిగి వాటంతట అవే ఊడిపోతే పుల్ల ప్రాణంతో ఉన్నట్టు. గోధుమ రంగులో ఎండి పుల్లకే అతుక్కుపోయి ఉంటే అనుమానించాలి. నెల దాటినా మొగ్గ కదలకపోతే గోటితో చిన్నగా గీకండి, కింద పచ్చగా ఉంటే ఇంకా ఆగొచ్చు, నల్లగా ఉంటే పోయింది.

ఇక్కడ చాలామంది మోసపోయేది ఒకటుంది. పుల్లలో దాచుకున్న సత్తువతో అతుకు కుదరకపోయినా మొదటి చిగురు వచ్చేస్తుంది. నాలుగు ఆకులు చూసి ఫొటో తీసి అందరికీ పంపించేస్తారు, రెండు వారాల తర్వాత ఆ ఆకులు వాలిపోతాయి. మొదటి చిగురు ముదిరి, రెండో చిగురు వచ్చి అది కూడా పచ్చబడితే అప్పుడు బతికినట్టు లెక్క. మొదటిసారి కట్టేవాళ్లకు పదిలో నాలుగైదు నిలిచినా బాగా చేసినట్టే, టెన్షన్ పడొద్దు.

రకం మారిపోయిందేమో అన్న అనుమానం వస్తే ఆకు నలిపి వాసన చూడండి. మామిడి ఆకు వాసన రకానికో తీరుగా ఉంటుంది. తల్లిచెట్టు ముదురాకు, అంటు ముదురాకు రెండు చేతుల్లో నలిపి ఒకదాని తర్వాత ఒకటి వాసన చూస్తే తేడా పట్టొచ్చు. లేత చిగురు రంగు కూడా పోల్చండి, కొన్నిటికి ఎర్రటి రాగి, కొన్నిటికి లేత ఆకుపచ్చ. ఇవి పక్కా రుజువులు కాదు, కానీ కింది చిగురును పొరపాటున పెంచుతుంటే ఇక్కడే తెలిసిపోతుంది.

మొక్కలు పెద్దవై ఉంటే, తోతాపురి చెట్టే ఉంటే

నర్సరీ నుంచి తెచ్చిన టెంక మొక్కలు ఏడాది వయసువి అయితే మొదలు దగ్గర కాకుండా, పైన కొత్తగా వచ్చిన లేత రాగి చిగురు మీద కట్టండి. చీలిక, ఆప్పు, కట్టు, టోపీ అన్నీ ఒకటే. అతుకు కింద ముదురు కాండం మీద నాలుగైదు పాత ఆకులు ఉండనివ్వండి, వేరుకు తిండి వాటి నుంచే. తోటలో ఎక్కడ కావాలో అక్కడే ముందు టెంక వేసి, ఏడాది తర్వాత అక్కడికక్కడే ఇలా కట్టడం మన మెట్ట నేలలకు ఇంకా మంచిది. తల్లివేరు తెగదు కాబట్టి ఎండకు తట్టుకుంటుంది.

పది పన్నెండేళ్ల తోతాపురి ఒకటి రెండు తీసి రకం మార్చాలనుకుంటే కొమ్మలు కోసి, వచ్చిన చిగుళ్ల మీద కట్టొచ్చు. కాయలు కొత్త మొక్క కంటే ముందే చూస్తారు. కాయలు కోసుకున్నాక జూలైలో కొమ్మల్ని నడుము ఎత్తు పైన కోయండి, కానీ ఒక కొమ్మను ఆకులతో వదిలేయండి, మొత్తం గుండు చేస్తే చెట్టు దెబ్బతింటుంది. కోసిన చోట వెంటనే బోర్డో పేస్టు పూయాలి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు, ఇనుప పాత్ర కాకుండా ప్లాస్టిక్ బకెట్లో. గుంపుగా వచ్చిన చిగుళ్లలో ఒక్కో మొండెం మీద మూడు నాలుగు బలమైనవి, బయటి వైపు ఉన్నవి ఉంచి మిగతావి తీసేయండి. అవి పుల్లంత లావు అయ్యాక కట్టండి. ఇలా కోసిన చెట్లంటే కాండం తొలిచే పురుగుకు ప్రాణం, మాను మీద రంపపు పొట్టులాంటిది రాలుతుంటే బెజ్జంలో ఇనుప తీగ పెట్టి పురుగును లాగేయాలి. నిర్లక్ష్యం చేస్తే అంటు బతికి చెట్టు చస్తుంది.

చెట్టు ఇప్పుడే పడిపోతే

రేపు జేసీబీ వస్తోంది, రాత్రి గాలికి పడిపోయింది అనేవాళ్లకు పై క్యాలెండరు అంతా వర్తించదు. ఆ రోజే వెళ్లి ముదిరిన ఆకులు, ఉబ్బిన చివరి మొగ్గ ఉన్న పుల్లలు దొరికినన్ని తెంపండి. ఆకులు కత్తిరించి తొడిమలు ఉంచి, తడిగుడ్డలో చుట్టి, దగ్గర్లో టెంక మొక్కలు ఎక్కడున్నాయో ఫోన్లు చేయండి. ముందస్తు తయారీ లేదు కాబట్టి పోయేవి ఎక్కువ ఉంటాయి, పది కావాలంటే నలభై కట్టాలి. చేయి తిరగనివాళ్లు ఇలాంటప్పుడు సొంతంగా ప్రయోగాలు చేయకుండా అంట్లు కట్టే మనిషికి కూలి ఇచ్చి పిలిపించుకోండి. పడిన చెట్టుకు ఒక పక్క వేర్లు ఇంకా నేలలోనే ఉంటే కొమ్మలు బాగా తగ్గించి వేర్ల మీద మట్టి కప్పి తడపండి, చిగురించే అవకాశం ఉంది. నరికినా మొద్దును మాత్రం తవ్వనివ్వకండి. టెంక చెట్టయితే మొద్దు చిగురే మీకు రెండో అవకాశం.

నాటుకోవడం, కాయ చూసుకోవడం

అంటు ఏడాది వయసుకు వచ్చాక, జూలై తర్వాత వానలు పట్టుకున్నప్పుడు నాటండి. మీటరు లోతు, మీటరు వెడల్పు గుంత, పాత పద్ధతిలో చెట్టుకూ చెట్టుకూ పది మీటర్లు. అతుకు నేలకు పైనే ఉండాలి, మట్టిలో కప్పేస్తే కుళ్లు పడుతుంది. ముదిరిన పుల్ల కాబట్టి రెండో ఏడే పూత రావొచ్చు, సంతోషపడకుండా మూడేళ్ల దాకా తుంచేయండి.

నాలుగో ఐదో ఏట మొదటి కాయలు వస్తాయి. వాటి సైజు చూసి ఇది మా కాయ కాదు అనేయకండి, చిన్న మొక్క కాయ సైజు రెండు మూడేళ్లు నిలకడగా ఉండదు. టెంక ఆకారం, పీచు, పులుపు, ఏ నెలలో పండుతుంది అనేవి పోల్చండి. అందుకే తల్లిచెట్టు ఉన్నప్పుడే కాయను, అడ్డంగా కోసిన ముక్కను, టెంకను స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీసి, బరువు, కోసిన తేదీ, ఊరగాయకా, పప్పులోకా, పండుకా అన్నది రాసిపెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు ఆ కాయను ఏ పేరుతో పిలుస్తారో అదే పేరు రాయండి, నర్సరీ పేరు తగిలించకండి.

ఆ వివరాలు ఇంకో పనికి కూడా వస్తాయి. 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల పరిరక్షణ చట్టం కింద రైతులు తమ సొంత రకాన్ని ఫీజు లేకుండా నమోదు చేసుకోవచ్చు. చెట్లకు ఆ రక్షణ 18 ఏళ్లు. దరఖాస్తు ఎలా రాయాలో మీకు దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేట ఉద్యాన పరిశోధన స్థానంలో గానీ అడగండి, వెళ్లేటప్పుడు కాయలు తీసుకెళ్లండి. నమోదు సంగతి ఎలా ఉన్నా, నిలిచిన అంట్లన్నీ ఒకే చేలో పెట్టకండి. ఒకటి మీ దగ్గర, ఒకటి చెట్టు యజమాని దగ్గర, ఒకటి వేరే ఊళ్లో నీళ్లున్న బంధువుల దగ్గర, రేకు ముక్కతో సహా.